విశాఖమండలపు సంఘనృత్తము: థింసా

నృత్తము చూచుటకొఱకా, యాడుటకొఱకా యను ప్రశ్నము మన లక్షణగ్రంథములలోఁ బ్రత్యేకముగాఁ జర్చింపఁబడలేదు. రంగము, సభ, సభాపతి, నర్తకి యను క్రమమున విషయము నిరూపింపఁబడుచు వచ్చుటచేత, ఆడువారు వేఱు, చూచువారు వేఱు అను భావము విద్వాంసులకు సహజముగ నలవడినది. కాని యీ భేదమును బాటింపని నృత్తము లాంధ్రదేశమునఁ బెక్కు గలవు. సంక్రాంతి దినములలో గొబ్బి తట్టు కన్నియలు, భజనలోఁ జెక్కలు పట్టినవారు, కోలాటమున జతగూడినవారు పరుల మెప్పుకొఱకుఁ గాక తమ కలయికకొఱకే యాడుదురు. ఇట్టివానిలో విశాఖపట్టణమునకు వాయవ్యమునఁ గల కొండసీమలోని థింసా మిక్కిలి పరిశీలింపఁదగినది.

దీనిని వేఱుగా గ్రహింపవలసి వచ్చుటకుఁ గారణములు మూఁడు. మొదటిది, ఇందు బహుజాతులవారు, భిన్నభాషలవారు ఒక్క వరుసలోఁ జేరుదురు. రెండవది, నూఱేండ్లకుఁ బూర్వమే దీనిని గన్నులారఁ జూచి వ్రాసినవారి వర్ణనము మనకు దక్కినది. మూఁడవది, రేవుపట్టణమునుండి కొండల కెక్కిన యినుపదారి వెంట ప్రేక్షకుఁడు ప్రవేశించి, థింసాను రంగముమీఁది కెక్కించిన చరిత్ర యిటీవలిది. దాని ఫలము లింకను దేలుచునే యున్నవి. థింసా ప్రాణము వరుసలో నున్నది గాని రంగములో లేదు. రంగము వరుసను మ్రింగినచో నడకలు మిగులును, నృత్తము మిగులదు. ఈ విషయమును సాక్ష్యములతోఁ బరిశీలించుట యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

లక్షణకారుల దృష్టి

కాకతి గణపతిదేవుని గజసాహిణి యైన జాయపసేనాని నృత్తరత్నావళిని గలియుగాబ్దము 4355, అనఁగాఁ గ్రీస్తుశకము 1253-54 నాఁటికి రచించెను. ఎనిమిది యధ్యాయముల యీ గ్రంథమున మొదటి నాలుగును భరతమతానుసారియగు మార్గమునకును, తక్కిన నాలుగును దేశికిని వినియోగింపఁబడినవి. గ్రంథమున సగమును దేశి కిచ్చుటయే జాయప ప్రత్యేకత. రాసకము, దండరాసకము, చర్చరి, చింతు, కొల్లాటము మొదలగు జనసామాన్యపు టాటలకు సేనాపతియైన యొక పండితుఁడు సంస్కృతమున లక్షణము వ్రాసెననిన, ఆ కాలమున వానికిఁ గల గౌరవము తేటపడుచున్నది. ఈ గ్రంథము వి. రాఘవన్ గారి పరిష్కరణమున 1965లో మద్రాసునఁ బ్రకటితమయ్యెను. పిమ్మట రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు దీనిని దెలిఁగించిరి. పాలకురికి సోమనాథుఁడు పండితారాధ్యచరిత్రమున, ముఖ్యముగాఁ బర్వతప్రకరణమున, శ్రీశైలయాత్రికుల పాటలను, ఆటలను బేరుపేరున స్మరించినాఁడు. తుమ్మెదపదములు, వెన్నెలపదములు మొదలగు పేళ్లు మనకు దక్కుట యాతని చలువయే.

స్త్రీలు మండలాకారముగ నిలిచి యాడు హల్లీసకమును, రాసకమును దలఁచినవారికి థింసా వెంటనే స్ఫురించును. అయినను బోలిక వేఱు, వంశక్రమము వేఱు. విశాఖమండలపుఁ గొండలు కళింగగాంగుల ప్రాభవమునకు లోఁబడిన సీమలోనివి. కాకతీయుల యాస్థానమునకు దూరమైనవి. కావున జాయప చెప్పిన రాసకమే థింసా యనుట సాహసము. చేతులు పట్టుకొని చుట్టు తిరుగుట మానవజాతి కంతకును సామాన్యము. లక్షణకారుల వలన మనము గ్రహింపవలసినది వేఱు: దేశి యనఁగా మార్గమునకు దిగువమెట్టు కాదు, ఆయా జనపదముల రుచి ననుసరించి స్వతంత్రముగ నిలిచిన విధానము. ఆ దృష్టితోనే థింసాను జూడవలెను.

సీమ, జనులు, భాషలు

థింసా యాడు సీమకు నడుము అరకులోయ. అనంతగిరి, డుంబ్రిగుడ, హుకుంపేట, పాడేరు, పెదబయలు, ముంచింగిపుట్టు మండలములు దీనిలోనివే. ఈ మన్యప్రాంతము 1839 నాఁటి చట్టముచే మైదానపు న్యాయస్థానముల పాలననుండి వేఱుచేయఁబడి కలెక్టరు ప్రత్యేకాధికారమునకు లోనయ్యెను. ఏజన్సీ యను పేరు నాఁటినుండి యేర్పడినదే. పూర్వము నందపురమును రాజధానిగాఁ జేసికొని, పిదప జయపురమున స్థిరపడిన రాజుల జమీందారీ యీ కొండలకుఁ బశ్చిమోత్తరముల వ్యాపించియుండెను. 1936 ఏప్రిల్ 1వ తేదిని ఒడిస్సారాష్ట్ర మేర్పడినపుడు కోరాపుట్టు సీమ యందుఁ జేరెను. అరకు, పాడేరు మద్రాసురాష్ట్రమున నిలిచెను. రాష్ట్రములకు హద్దు పడినది కాని నృత్తమునకుఁ బడలేదు. ఈవలివారు థింసా యన్నదానినే యావలివారు ఢెంసా యందురు. 2022 ఏప్రిల్ 4వ తేదిని విశాఖపట్టణము జిల్లానుండి మన్యభాగము విడివడి, పాడేరు ముఖ్యస్థానముగా అల్లూరి సీతారామరాజు జిల్లా యయ్యెను. ఇట్లు రెండుమాఱులు పరిపాలకులు గీఁచిన గీఁతలను దాఁటి వరుస నడచుచునే యున్నది.

ఇందుఁ బాల్గొను జాతులు పెక్కు. పరజలు, భగతలు, కోటియలు, కొండదొరలు, కోదులు, గదబలు, వాల్మీకులు ముఖ్యులు. వీరిలోఁ గోదుల కువి ద్రావిడభాష. గదబలలో ఒక శాఖ పలుకు గుతోబు ముండావర్గమునకుఁ జేరినది, వేఱొక శాఖ పలుకు ఒల్లారి ద్రావిడమే. ఇంటిభాష లిన్ని విధములయ్యును, సంతలోను, చుట్టఱికములలోను ఆదివాసి ఒడియ వీరికి వ్యవహారభాషగా నున్నది. థింసాభేదముల పేరులలోఁ బెక్కు ఈ వ్యవహారభాషలోనివే. బాగ్ అనఁగా వ్యాఘ్రము. పొటర్ అనునది పత్రశబ్దభవము. బాయా అనఁగా నావేశముచే మతిచలించినవాఁడు. ఏ యొక్క జాతి యింటిభాషలోను గాక, అందఱు కలిసికొను సంతభాషలో నృత్తమునకుఁ బేళ్లు పడుటను బట్టి, యిది యేయొక్క కులపు సొత్తును గాక యాదినుండియుఁ గూడలియాటయే యని యూహింపవచ్చును. పేరునకు మూల మడుగుల చప్పుడే యని కొందఱు చెప్పుదురు.

కొండజాతుల పలుకులును బాటలును విద్యావిషయములే యని తెలుఁగుపండితులలో ముందుగా నాచరించి చూపినవారు గిడుగు రామమూర్తిపంతులుగారు. పర్లాకిమిడి యందుండి సవరభాష నేర్చి, దానికి వ్యాకరణమును, 1938లో నిఘంటువును బ్రకటించిరి. సవరలకుఁ గలిగిన యా భాగ్యము థింసాపాటలకు నంతగాఁ గలుగలేదు.

ఆడు సమయములు

థింసాకు ముఖ్యకాలము చైత్రమాసము. అప్పుడు జరుగు ఇటుకలపండుగలో విత్తనములను దేవత యెదుట నుంచి, పూజించి, యింటింటికిఁ బంచుకొందురు. పురుషులు వేఁటకుఁ బోవుదురు. స్త్రీలు త్రోవకు వెదురుగడ యడ్డముపెట్టి, బాటసారుల నాపి, పాడి, యాడి, పండుగసొమ్ము గైకొందురు. వేఁట దొరకక వట్టిచేతులతో మరలిన పురుషులను స్త్రీలు పరిహసించి, పేడనీళ్లు చల్లు నాచారమును గలదు. సాయంకాలమయినంతనే యూరినడుమ డప్పు మ్రోఁగును, వరుస కట్టుదురు.

పెండ్లిండ్లు రెండవ సందర్భము. పాడేరు మోదకొండమ్మ జాతర వంటి దేవతోత్సవములు మూఁడవది. ఒక యూరివారు మఱియొక యూరికిఁ జుట్టములుగాఁ బోయినపు డాడుట నాలుగవది. దీనివలన నృత్తమునకు వివాహసంబంధములతోడి యనుబంధము తెలియుచున్నది. యువతీయువకులు పెద్దల యెదుటనే పాటలోఁ బ్రశ్నోత్తరములు నడపుకొని, యొకరినొక రెఱుఁగుదురు. ఊళ్లు దూరదూరముగ, పొలములు కొండవాలున నున్న సీమలో మనుష్యులు కలిసికొనుట కిదియే చావడి, ఇదియే సభ.

భేదములు

థింసాకు సాధారణముగ నెనిమిది భేదములు చెప్పఁబడుచున్నవి.

మొదటిది బోడథింసా. గ్రామదేవతాప్రీత్యర్థ మాడునది యిది. పురుషులు కుడివైపునను, స్త్రీ లెడమవైపునను వరుసలు దీరి, చేతులు వీపులవెనుకఁ గలిపి పట్టుకొందురు. కుడివరుసలోని ప్రథముఁడు నెమిలిపురికట్ట చేఁబట్టి నాయకుఁడగును. ఎడమవరుస తుదినున్నవా రాతనితోఁ గలియుదురు. అందెల మ్రోఁతకు సరిగాఁ బామువలె వంకరలు తిరుగుచు మండలమై, కేకలు వేయుచు మొదటి చోటునకు మరలుదురు.

గుండేరిథింసాలో, దీనికే ఉస్కుథింసా యని పేరు, పురుషుఁ డొకఁడు పాడుచు స్త్రీల నాటకుఁ బిలుచును. వారు గట్టియడుగులతో ముందునకును వెనుకకును నడచుచు మండలము గట్టుదురు. గొడ్డిబేటథింసా రాళ్లేఱుటను దలపించును. వంగి, యొక్క యూపున లేచుచు, ఇరువదియైదడుగులు ముందునకును, అన్నియే వెనుకకును నడచుట దీని పద్ధతి. పొటర్‌తోలథింసా యాకులు గోయుటకు గుఱుతు. సగముమంది ముందువరుసలోను, సగముమంది వెనుకవరుసలోను నిలిచి, ముందువారి భుజములపైఁ జేతులుంచి, తలలు కుడియెడమలకుఁ ద్రిప్పుచు నడతురు. బాగ్‌థింసా పులి యెదురైనపుడు తప్పించుకొను విధమును జూపును. సగముమంది చేతులు పట్టుకొని వలయముగ నిలువఁగా, తక్కినవారు తలవంచి, మునివ్రేళ్లపై వారిచుట్టును వేగముగఁ దిరిగి పాముచుట్ట చుట్టుదురు. నాటికారిథింసా దీపావళి కాడునది, ఒంటిగా నాడునది. వాల్మీకులలో నెక్కువ ప్రచారము గలది. కుండథింసాలో భుజములతో నొకరినొకరు త్రోసికొనుచు లయదప్పక యూఁగుదురు. తుదిది బాయాథింసా, దేవత యావేశించిన గురువు నడకను బట్టి యాడునది.

వీని నన్నింటిని గలిపి చూచినచో రెండు సంగతులు తేలును. ఒకటి, నాటికారి యొక్కటి తక్క మిగిలినవన్నియు వరుసనో మండలమునో యాధారముగాఁ గలవి. రెండు, అభినయమున్న వానిలోఁ గూడ నది ముఖమున లేదు, హస్తమున లేదు. వంగుట, లేచుట, తిరుగుట యను సర్వాంగచలనమునందే యున్నది. ముఖాభినయము చూచువానికొఱకు, వెన్నువెనుకఁ జేతులు గలిపినవానికి ముద్రపట్టుటకుఁ జేతులే లేవు. కావున శాస్త్రపరిభాషలో థింసాను నృత్యమనుటకంటె నృత్తమనుట యుక్తము. ప్రేక్షకుఁడు లేకపోవుట దీని లోపము కాదు. దీని నిర్మాణమే యట్టిది.

వాద్యములు, వాద్యకారులు

థింసాకు వాద్యములు మోరి, కిరిడి, తుడుము, డప్పు, జోడుకొమ్ములు. మోరి సన్నాయిజాతిది, పాటవరుసను బట్టునది యదియే. కిరిడియుఁ దుడుమును లయను నిలుపును. డప్పు దూరపుటూళ్లకు వినవచ్చి జనమును బిలుచును. వరుస మందగతిని మొదలై, వాద్యము త్వరపడినకొలఁదిఁ ద్వరపడును. అడుగునకు నాయకుఁడు నెమిలిపురి పట్టినవాఁ డయినను, కాలమునకు నాయకుఁడు వాద్యకారుఁడే.

ఈ సీమలో వాద్యవిద్య తొల్లింటినుండి పెక్కుచోట్ల వాల్మీకుల, అనఁగాఁ గోరాపుట్టువైపు డొంబు లనువారి, చేతిలో నున్నది. నాఁటి కట్టుబాటులలో వీరికిఁ దక్కిన జాతులు తక్కువస్థాన మిచ్చినవి. అయినను వారు వాయింపనిదే పెండ్లి లేదు, పండుగ లేదు. చేతులు కలిపినవారి సామ్యమును జెప్పునపుడు, ఆ సామ్యమునకు లయ నిచ్చినవారు వరుసకు వెలుపల నిలిచిరన్న సంగతిని మఱువరాదు. థింసాను గొనియాడు రచనలలో నర్తకుల చీరలకును సొమ్ములకును గల ప్రస్తావన వాద్యకారుల విద్యకు లేకుండుట యొక కొఱఁత. మోరిపాటల వరుసలు వారి నోటను వ్రేళ్లయందును మాత్రమే యున్నవి. ఒక ముదుసలి గతించిన నొక భాండాగారము కాలిపోయినట్లే.

1907 నాఁటి వర్ణనము

విశాఖపట్టణపు మండలవృత్తాంతములలో డి. ఎఫ్. కార్మైకేల్ రచన 1869 నాఁటిది, డబ్ల్యూ. ఫ్రాన్సిస్ రచించిన గెజెటీరు 1907 నాఁటిది. కొండలలోని పరజకన్యల నృత్తమును ఫ్రాన్సిస్ వర్ణించెను. 1909లో వెలువడిన థర్‌స్టన్, రంగాచారిగార్ల దక్షిణదేశజాతుల గ్రంథమునందును, పరజల ప్రకరణమున, ఈ నృత్తవర్ణనము గలదు. రంగుటంచు తెల్లచీరలు మోఁకాలికిఁ బైగాఁ గట్టి, పచ్చపొడిచిన చేతులతోను గాళ్లతోను, ముంజేతినిండఁ గంచుగాజులతోను, బరువైన యిత్తడియందెలతోను, కాలివ్రేళ్ల చిఱుగంటలతోను, వీపులవెనుకఁ జేతులు గూర్చుకొని గొలుసుగ నేర్పడి, నెమిలిపురి చేఁబట్టిన నాయకురాలిని వెంబడించి యాడుట యందలి సారము.

ఆ వర్ణనమును నేఁటి బోడథింసాతోఁ బోల్చి చూచినచో వీపువెనుకఁ జేతుల కూర్పు, నాయకత్వచిహ్నమగు నెమిలిపురి, పామునడక యట్లే యున్నవి. నూఱేండ్లకుఁ బైఁబడిన కాలమున నగలు తగ్గినవి, చీరలు మాఱినవి, పాటలలో మాటలు మాఱినవి, వరుసకట్టు మాఱలేదు. లిఖితలక్షణము లేని విద్య యింత స్థిరముగ నిలుచుటకుఁ గారణ మేమి? చేయిపట్టి నడచినవానికి లక్షణము పుస్తకమునఁ గాక ప్రక్కవాని మేనిద్వారమున నందును. తప్పటడుగు వేసినవానిని వరుసయే దిద్దును. చిన్నపిల్లలు తుదిని జేరి నేర్తురు. వరుసయే గురుకులము.

రేవు, రైలు, రంగము

విశాఖపట్టణపు రేవులోనికి 1933 అక్టోబరు 7వ తేదిని జలదుర్గ యను నోడ ప్రవేశించెను. ఆ యేఁటి డిసెంబరులోనే రాజప్రతినిధి విల్లింగ్డన్ ప్రభువు రేవును లాంఛనముగఁ దెఱచెను. ఆ నాఁటినుండి సముద్రతీరపుఁ బట్టణమునకును గొండలకును గల సంబంధము క్రమముగ మాఱుచు వచ్చెను. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్కేంద్రము పనిచేయ నారంభించినపుడు, పట్టణమునకు వెలుఁగు వచ్చెను. గదబల, పరజల పల్లెలు కొన్ని నీట మునిఁగెను. 1960 తరువాతి దశకమున బైలదిల్ల యినుపరాయిని జపానునకుఁ బంపుటకై కొత్తవలసనుండి కిరండులుదాఁక నినుపదారి వేయఁబడెను. అనేకములగు సొరంగములను దాఁటి యీ దారి అరకులోయ నడుమఁ బోవుచున్నది. ఇనుపరాయికై వేసిన దారి వెంట మనుష్యులును వచ్చిరి. ఉక్కుకర్మాగారమునకై 1966లో నడచిన యుద్యమము, 1971లోని శంకుస్థాపనము, 1992లో దానిని జాతి కంకిత మొనర్చుట విశాఖను మహానగరముగఁ జేసినవి. కర్మాగారమునకై నేల నిచ్చిన మైదానపుఁ బల్లెలు పెక్కు చెదరుటచేత, ఆ పల్లెల భజనలకును జాతరలకును బూర్వపు చావళ్లు లేకపోయినవి.

నగరవాసులకు విశ్రాంతిస్థలముగ అరకు ప్రసిద్ధికెక్కెను. 1996లో నచ్చట గిరిజనవస్తుప్రదర్శనశాల యేర్పడెను. 2017లో నద్దపుఁగప్పు గల రైలుపెట్టె యీ దారిని నడుపఁబడెను. యాత్రికుల వసతిగృహములముందు రాత్రివేళ మంట వేసి థింసా యాడించుట పరిపాటియయ్యెను. జాతీయదినోత్సవముల యూరేగింపులలోను, నగరపుటుత్సవములలోను థింసాబృందములకు స్థానము లభించెను.

దీనివలనఁ గలిగిన లాభమును దక్కువచేయరాదు. ఆడినవారికిఁ గూలి ముట్టినది. అనాదృతమైన విద్యకుఁ బేరు వచ్చినది. నగరపు బడులలోఁ బిల్లలు థింసా నేర్చుచున్నారు. అయినను రంగనియమము వేఱు. రాత్రి తెల్లవాఱుదాఁక నాడవలసినది కొన్ని నిమిషములకుఁ గుదియును. మండలము చూచువానికొఱకుఁ దెగి యర్ధచంద్రాకార మగును. ప్రశ్నోత్తరముల పాటలో నుత్తర మిచ్చువారు లేక పల్లవి మాత్రము మిగులును. అందఱకు నొకే రంగు చీర కావలసివచ్చును. వచ్చినవానికల్లఁ జోటిచ్చు వరుసకు సంఖ్య యేర్పడును. అన్నింటికంటె ముఖ్యముగా, చైత్రమున నాడవలసిన దేవతాథింసా సర్వర్తువులం దాడఁబడి, సందర్భమునుండి విడివడును.

ఐర్లండు దృష్టాంతము

ఈ మార్పు థింసాకు మాత్రమే సంభవించినది కాదు. యూరపుఖండపుఁ బడమటిదీవియగు ఐర్లండునందు జానపదసంగీతమును గూడియాటలును బొందిన చరిత్ర దీనికిఁ జక్కని దృష్టాంతము. ఆ దేశపుఁ బల్లెలలో వంటయింటి నేలమీఁదను, నాలుగుదారుల కూడలియందును జనులు కలిసి యాడుట యాచారము. ఫిడేలు, వేణువు, మోచేతితోఁ దిత్తినొత్తి యూఁదు తిత్తివాద్యము వారి సాధనములు. జిగ్ అను వరుస మన తిస్రగతికిని, రీల్ అనునది చతురశ్రగతికిని దగ్గఱవి. పదునెనిమిదవ శతాబ్దిలో నృత్తోపాధ్యాయు లూరూరఁ దిరిగి యడుగులు నేర్పుచుండిరి. నెపోలియను యుద్ధముల పిమ్మట ఫ్రెంచిదేశపు నలుజంటలయాట యచ్చటికిఁ బోయి, స్థానికపు వరుసలతోఁ గలిసి, సెట్ అను పేరఁ బల్లెల సొత్తయ్యెను.

1893లో నైరిష్‌భాషోద్ధరణమునకై గేలిక్ లీగ్ అను సంస్థ డబ్లినులోఁ బుట్టెను. 1897లో నా సంస్థవారు లండనులో నొక కూడియాట నడపి, దానికిఁ గేలీ యని పేరుపెట్టిరి. పొరుగింటికిఁ బోయి ప్రొద్దుపుచ్చుట యా శబ్దమునకుఁ బూర్వార్థము. దేశాభిమానముచేత వారు సెట్టును బరదేశపు సొత్తని త్రోసివేసిరి. జనులు తమదిగాఁ జేసికొన్నదానిని విద్వాంసులు తమది కాదనిరి. 1935 నాఁటి బహిరంగనృత్యశాలల చట్టము ఆటలకు న్యాయస్థానపు టనుమతిపత్రము గావలె ననెను. మతాధికారుల యొత్తిడియుఁ దోడై, ఇండ్లలోను గూడలులలోను జరుగు నాటలకు నాటంకము గలిగెను. ఆట పెద్దశాలలోనికిఁ బోయెను. ఒక్క ఫిడేలు చాలక వాద్యబృందము లేర్పడెను. 1951లో సంగీతకారుల సంఘ మొకటి పుట్టి, పాఠశాలలు, ఉత్సవములు నడుపఁజొచ్చెను. 1994లో రివర్‌డాన్స్ అను రంగప్రదర్శనము, ఏడు నిమిషముల మాత్రముది, డబ్లినునుండి ప్రసారమై యైరిష్‌నృత్తమును లోకమెల్ల నెఱుఁగఁజేసెను.

అయితే కూడియాటను బ్రతికించినది రంగము కాదు. అంతకు ముందే, 1980 తరువాతి సంవత్సరములలో, కొందఱు పల్లెలు తిరిగి, ముదుసలుల యడుగుల నడిగి వ్రాసికొని, సెట్టులను దిరిగి నేర్పిరి. అడుగుల నెఱిఁగినవాఁడును నెఱుఁగనివాఁడును జేతులు కలిపి నేర్చుకొనుటయే వారి పద్ధతి. పాటల విషయమున నింకను ముందే పని జరిగియుండెను: చికాగోనగరపు రక్షకభటాధికారియగు ఫ్రాన్సిస్ ఓనీల్, వలసపోయిన తనవారి నోటి వరుసల నేర్చి, కూర్చి, 1903లో 1850 వరుసలు గల గ్రంథమును బ్రకటించెను. లీగువారి చరిత్రమునుండి మనము నేర్వవలసిన దొకటి కలదు: శుద్ధిపేరిట జనులయాటను ద్రోసిపుచ్చరాదు. సెట్టువారి చరిత్రమునుండి నేర్వవలసినది రెండవది: ఆట నాడుటచేతనే నిలుపవలెను.

ఐర్లండునుండి తెలుఁగుసీమకు వచ్చిన యొక సంగీతవిదుషి యిచ్చట స్మరింపఁదగినది. 1878లోఁ బుట్టిన మార్గరెట్ కజిన్స్, సంగీతమునఁ బట్టభద్రురాలై, 1915లో భర్తయగు జేమ్స్ కజిన్స్‌తో నిండియాకు వచ్చి, మదనపల్లె దివ్యజ్ఞానకళాశాలలోఁ బని చేసెను. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథఠాకూరు మదనపల్లెకు వచ్చి జనగణమన పాడినపుడు, విద్యార్థులందఱు పల్లవి నందుకొనిరి. ఆ గేయమునకు స్వరలిపిని గూర్చినది యీ విదుషియే. కవి గొంతున విన్న పాట జనసమూహమంతయుఁ బాడుటకు వీలగునట్లు లిపిబద్ధ మగుట తెలుఁగునేలపై జరిగిన విషయము. అట్టి శ్రద్ధలో నించుక మోరివరుసలకును లభింపవలసియున్నది.

ఉపసంహారము

పైన జెప్పినదాని సారము: థింసా నానాజాతుల కూడలియాట, దాని లక్షణము వరుస, వరుసయే దాని గురుకులము, 1907 నాఁటి వర్ణనము దాని స్థైర్యమునకు సాక్ష్యము. రేవును రైలును దెచ్చిన ప్రేక్షకుఁడు దానికిఁ గీర్తియుఁ జిక్కును గూడఁ దెచ్చెను. రంగమును నిషేధింపఁ బనిలేదు. రంగమే థింసా యనుకొనుట మాత్రము కూడదు.

చేయవలసిన పను లున్నవి. ఆదివాసి ఒడియలోను, కువిలోను గల పాటలను దెలుఁగులిపిలో నర్థముతో వ్రాయుట మొదటిది. మోరి, కిరిడి వాయించువారి వరుసలను, వారి సమ్మతితోను వారి పేరుతోను, స్వరతాళబద్ధముగ నెక్కించుట రెండవది. అరకు, కోరాపుట్టు సీమల భేదములను గలిపి పోల్చి చూచుట మూఁడవది. 1936 నాఁటి హద్దు పండితుల పరిశోధనమునకు హద్దు కారాదు. బడులలో థింసా నేర్పు నుపాధ్యాయులు పిల్లలను బ్రదర్శనమునకు సిద్ధపఱచుట కంటె, కొండయూరి పెద్దలను బిలిచి వారిచేతఁ జేయి పట్టించి నడపించుట నాలుగవది.

అరకులోయ వసతిగృహములముందు నేఁటికిని, ఆట ముగియువేళకు వరుసచివర నున్న స్త్రీ చేయిచాఁచి యాత్రికులను బిలుచుట కలదు. కొందఱు సిగ్గుపడి వెనుదీయుదురు. కొందఱు పోయి చేయిపట్టి, తప్పటడుగులు వేయుచు నడకను బట్టుకొందురు. రంగమున నాడినను థింసా తన ధర్మమును బూర్తిగ విడువలేదనుట కిదియే ప్రమాణము. చూచువానిని జూచువానిగా నుండనీయకపోవుట దాని పూర్వాచారము. ఆ చేయి చాఁపఁబడుచున్నంతకాలము విశాఖమండలపు సంఘనృత్తము సంఘముదిగనే యుండును.